పీటలెక్కిన అక్షరాలు

కౌబాయ్ సినిమా అనగానే గుర్రం, టోపీ, తుపాకీతోపాటు ఇంకోటి కూడా గుర్తొస్తుంది. గోడకు మేకు కొట్టి తగిలించిన కాగితం. దానిమీద బందిపోటు బొమ్మ, పైన 'వాంటెడ్' అంటూ బండ అక్షరాలు. ఇంగ్లిషు రానివాళ్లకు కూడా వాటి వాలకం చూస్తేనే సంగతి అర్థమైపోతుంది.

ఆ తరహా అక్షరాల్ని 'స్లాబ్ సెరిఫ్' అంటారు. ఇంగ్లిషు అక్షరాల కొసల్లో ఉండే చిన్న అడ్డగీతే సెరిఫ్. మామూలుగా అది సన్నగా ఉంటుంది. దాన్ని ఇటుకలా మందంగా చేస్తే స్లాబ్. అక్షరం కాళ్లకింద పీట వేసినట్టన్నమాట! (మన తెలుగు అక్షరాలకు తలకట్టే తప్ప పీటల్లేవు. గుండ్రటి ఒళ్లు కదా.) అలా పీట వేశాక రెండువైపుల నుంచీ నొక్కి పొడుగ్గా చేస్తే 'కండెన్స్‌డ్' రకం. నొక్కడమెందుకంటే... కాగితం వెడల్పు పెరగదు, అక్షరం మాత్రం వీధి అవతలి నుంచి కనపడాలి. అందుకే ఎత్తు పెంచి, వెడల్పు తగ్గించారు.

అంత పెద్ద అక్షరాన్ని సీసంతో పోతపోస్తే మోయలేనంత బరువు, బోలెడు ఖర్చు. దీనికి విరుగుడు న్యూయార్క్‌లో దొరికింది. 1827లో డేరియస్ వెల్స్ అనే ముద్రాపకుడు చెక్క అక్షరాల్ని యంత్రంతో కోయడం మొదలుపెట్టాడు. 1834లో విలియం లెవెన్‌వర్త్ దానికి పాంటోగ్రాఫ్ జోడించాడు. ఒక్క నమూనా ఉంటే చాలు, ఏ సైజులో కావాలంటే ఆ సైజులో కోసుకోవచ్చు. గట్టిగా ఉంటుందని మేపుల్ చెక్క వాడేవారు. సర్కస్ రావాలన్నా, దొంగ పోవాలన్నా ఆ చెక్క అక్షరాలే దిక్కయ్యాయి.

ఈ కుటుంబంలో పేరుమోసింది క్లారెండన్. 1845లో లండన్‌లోని ఫాన్ స్ట్రీట్ ఫౌండ్రీ నుంచి వచ్చింది. అచ్చులు చెక్కింది బెంజమిన్ ఫాక్స్, తెచ్చింది రాబర్ట్ బెస్లీ. పీట మందంగానే ఉన్నా, నిలువుగీతను కలిసేచోట చిన్న వంపు తిప్పారు. అందుకే మొరటుగా కనిపించదు. మామూలు అక్షరాల మధ్య ఒక్క పదాన్ని ఒత్తి చెప్పడానికి భేషుగ్గా పనికొచ్చింది. డిక్షనరీల్లో అర్థం చెప్పాల్సిన పదాన్ని ఇలాంటి అక్షరాల్లోనే వేసేవారు. ఇవాళ కంప్యూటర్లో 'బోల్డ్' నొక్కి చేసే పనే అది.

బెస్లీ దాన్ని చట్టప్రకారం రిజిస్టర్ చేయించాడు. దక్కిన రక్షణ మూడంటే మూడేళ్లు! గడువు తీరడమే ఆలస్యం, పోటీ ఫౌండ్రీలు నకళ్లు దింపేశాయి. చివరికి 'క్లారెండన్' అన్నది ఒక రకానికే పేరైపోయింది. సొమ్మొకడిది, సోకొకడిది. బెస్లీ మాత్రం డీలాపడలేదు. 1869లో ఏకంగా లండన్ లార్డ్ మేయరయ్యాడు.

అమెరికా చేరిన క్లారెండన్‌కు అక్కడివాళ్లు పీటల్ని ఇంకా లావు చేసి, కాళ్లను సన్నం చేశారు. సినిమాల్లో మనం చూసే కౌబాయ్ అక్షరాలు అవే. వాటి పోలికలతోనే 1938లో రాబర్ట్ హార్లింగ్ 'ప్లేబిల్' గీశాడు. చాలా కంప్యూటర్లలో ఎమ్మెస్ ఆఫీసుతోపాటే వచ్చిందది. పిల్లల పుట్టినరోజు పోస్టర్‌కు బ్రహ్మాండంగా ఉంటుంది. ఉత్తరం మొత్తం అందులో టైపు చేస్తే మాత్రం చదివేవాళ్ల కళ్లకు కష్టమే. చిన్న సైజులో అక్షరాల మధ్య ఖాళీలు పూడుకుపోయి ఏది 'ఇ'నో, ఏది 'సి'నో తెలీదు.