వెల వేరు, వ్యయం వేరు



వెల, వ్యయం అనే మాటలను మనం తరచు ఒకే అర్థంలో వాడుతుంటాము. నిజానికి వెల వస్తువుకు సంబంధించినది. వ్యయం మన చేతినుండి పోయేదానికి సంబంధించినది. తరుగు, మార్పు లేనిది కనుకనే వ్యాకరణంలో ‘అవ్యయం’ అన్నారు. ఇంటివద్ద విద్యుత్తు కారుకు చార్జరు పెట్టించుకోదలచిన వారు ముందుగా గ్రహించవలసిన భేదం ఇదే. షోరూమువారు చెప్పేది వెల. మన ఇంటి పద్దులో ఎక్కేది వ్యయం.

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుండి విద్యుత్తు వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము పూర్తిగా మినహాయించింది. 2026 డిసెంబరు 31 వరకు ఆ మినహాయింపు అని ఉత్తర్వులో చెప్పింది. పన్ను మిగిలిందని సంతోషించినవారికి అసలు లెక్క ఇంటి సెల్లారులో మొదలవుతుంది.

మొదటి ప్రశ్న: గోడకు బిగించే పెద్ద చార్జరు అవసరమా? 15 ఆంపియర్ల సాకెట్టు నుండి 230 వోల్టుల వద్ద సుమారు 3.4 కిలోవాట్లు వస్తుంది. 32 ఆంపియర్ల గోడ చార్జరు 7.4 కిలోవాట్లు ఇస్తుంది. అమీర్‌పేట నుండి కోఠికో, సికింద్రాబాదుకో పోయివచ్చే మనిషి రోజుకు 20 కిలోమీటర్లు తిరుగుతాడనుకుందాము. యూనిట్టుకు 6 కిలోమీటర్ల చొప్పున మూడు నాలుగు యూనిట్లు చాలు. చిన్న సాకెట్టే దానిని గంటా గంటన్నరలో నింపుతుంది. రాత్రంతా నిలిచి ఉండే కారుకు అంత తొందర దేనికి? రోజూ వంద కిలోమీటర్లు తిరిగేవారి సంగతి వేరు.

రెండవది, కొసరు. అసలు కంటే కొసరు ఎక్కువ అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం కావచ్చు. పంజగుట్ట, ఖైరతాబాదు పాత అపార్టుమెంట్లలో మీటర్ల బోర్డు ఒక మూల, మన పార్కింగు మరొక మూల. ఆ దూరమంతా రాగి కేబులు లాగాలి. 32 ఆంపియర్లకు కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల తీగ కావాలి. దూరం పెరిగితే ఇంకా లావైనది. దానికి విడిగా ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే తెగిపోయే ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగు ఉండాలి. ఇంటికి మంజూరైన లోడు చాలకపోతే అదనపు లోడుకు దరఖాస్తు, డిపాజిట్టు. వీటిలో ఎర్తింగును మాత్రం ఎవరూ తగ్గించుకోరాదు. వానకాలంలో సెల్లారులో నీరు నిలిచే ఊరు మనది.

మూడవది నెలనెలా వచ్చేది. ఇళ్ళకు 2022 ఏప్రిల్ నుండి అమలైన ధరలతో లెక్క వేద్దాము. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి విద్యుత్తు ఛార్జీ 820 రూపాయలు. 201వ యూనిట్టు కాలిందంటే మొత్తం బిల్లు పై తరగతికి మారి 1,027 రూపాయల 70 పైసలవుతుంది. ఒక్క యూనిట్టు వెల 207 రూపాయల 70 పైసలన్నమాట! కారు కోసం నెలకు 100 యూనిట్లు కలిసి 300 అయితే ఛార్జీ 1,790. అంటే కారు త్రాగినది 970 రూపాయలు. టారిఫు పట్టికలో 7 రూపాయల 70 పైసలని కనబడే యూనిట్టు మనకు 9 రూపాయల 70 పైసలు పడినది. స్థిర ఛార్జీలు, సుంకం దీనికి అదనం.

వాహనాల చార్జింగుకు విద్యుత్ నియంత్రణ మండలి 2018-19లోనే ప్రత్యేక వర్గం పెట్టి, యూనిట్టుకు 6 రూపాయలు నిర్ణయించింది. కారుకు విడిగా కనెక్షను అడిగే హక్కును కేంద్రం 2024 ఫిబ్రవరిలో వినియోగదారుల హక్కుల నియమాలను సవరించి స్పష్టం చేసింది. కనుక చార్జరు కొనకముందే రెండు విధాలా లెక్క వేయించుకోవాలి. రెండవ మీటరు ఖర్చు, దాని స్థిర ఛార్జీ ఒకవైపు. పై తరగతికి జారే బిల్లు మరొకవైపు. 200 యూనిట్ల గట్టు మీద ఉన్న ఇంటికి ఒక జవాబు వస్తుంది, ఇప్పటికే 400 దాటిన ఇంటికి మరొకటి.

ఇక నా అసలు అభిప్రాయం. చార్జరు ఒక ఫ్లాటు వ్యవహారం కాదు, భవనం మొత్తానిది. పాత భవనంలో సర్వీసు కేబులుకు మిగిలిన శక్తి కొంతే. మొదటి ముగ్గురు తలా 7 కిలోవాట్లు తీసుకుంటే, నాలుగవ వానికి ట్రాన్స్‌ఫార్మరు పెంచాలని చెబుతారు. ముందు వచ్చినవారికి చౌక, వెనుక వచ్చినవానికి మోత. వెనుక వచ్చేది తరచు పింఛనుదారో, అద్దెకున్నవారో అవుతారు. ఇది న్యాయం కాదు. 2019లో సవరించిన నమూనా భవన నియమావళి పార్కింగులో 20 శాతం చోటుకు చార్జింగు వసతి ఉండాలన్నది. కాని మన భవనాలు అంతకు ఎంతో ముందువి. వాటికి ఆ పని సంఘమే చేయాలి. అందరి కోసం ఒకే అంచనా వేయించి, ప్రధాన కేబులు ఒకసారే వేసి, కనెక్షను తీసుకున్న ప్రతివారూ తమ వంతు చెల్లించాలి. కారు లేనివారి మీద కరెంటు భారం పడరాదు.

ఆ అంచనా తెలుగులో, చార్జరు, కేబులు, రక్షణ పరికరాలు, ఎర్తింగు, లోడు రుసుము అని విడివిడి పద్దులతో ఉండాలి. ‘మొత్తం ఇంత’ అన్న ఒక్క అంకె మీద ఎవరూ సంతకం చేయవద్దు. విద్యుత్ సౌధ ఖైరతాబాదులోనే ఉన్నది. పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం కొంచెం అవతల మింట్ కాంపౌండులో ఉన్నది. వాటి చుట్టుపక్కల నివసించే మనకే కరెంటు లెక్క తెలియకపోతే, అది దీపం క్రింది చీకటి.

మీ మీ భవనాలలో ఈ లెక్క ఎలా తేల్చుకున్నారో వ్రాయగలరు.

స్వస్తి.