కండకు అదురు, మనసుకు బెదురు

కుడికన్ను అదరిన పురుషునకు మేలనియు, ఎడమకన్ను అదరిన స్త్రీకి శుభమనియు మన పెద్దలు చెప్పుకొనుచు వచ్చిరి. అశోకవనమున శోకమున మునిగియున్న సీతాదేవికి ఎడమకన్నును ఎడమభుజమును అదరుటను వాల్మీకి శుభశకునముగా వర్ణించెను. కణ్వాశ్రమమున అడుగిడునపుడు దుష్యంతుని బాహువు అదరుటను కాళిదాసు రాబోవు ప్రణయమునకు సూచనగా నిలిపెను. ఈ శకునములయందు నాకు విశ్వాసము లేదు. అయినను వానితో ఒక సౌలభ్యముండెను: అదరుట మానిన వెంటనే శకునము తీరిపోయెడిది, మనుష్యుడు తన పనిమీద తాను పోయెడివాడు. నేడు హైదరాబాదులోనో బెంగుళూరులోనో రాత్రి షిఫ్టు ఉద్యోగము చేయు యువకునికి పిక్కలో కండ ఎగిరినచో అతడు పంచాంగము విప్పడు, ఫోను తీయును. అందు మొదట కనబడు కాఫీ, నిద్రలేమి, అలసట మొదలగు అల్పకారణముల నన్నింటిని దాటి, అతని దృష్టి కట్టకడపటనున్న ఒక భయంకరనామముపై పడి అక్కడనే నిలిచిపోవును.

ఆ నామము మోటార్ న్యూరాన్ వ్యాధి; అందలి ప్రధానభేదమును ఏ.ఎల్.ఎస్. అందురు. 1869లో పారిస్ వైద్యుడు షార్కో వివరించిన ఈ రోగమున, కండరములను నడపు నరకణములు మెదడునందును వెన్నుపామునందును క్రమముగా నశించిపోవును. చేయి, కాలు, మాట, మ్రింగుడు, తుదకు ఊపిరి, అన్నియు ఒకదాని వెంట ఒకటి చేజారును. ఇరువదియొకటవ యేట, 1963లో, ఈ రోగము బయటపడిన స్టీఫెన్ హాకింగ్ 2018 వరకు జీవించుట మిక్కిలి అపురూపము. సామాన్యముగా లక్షణములు పొడసూపిన పిదప మూడు నుండి అయిదేండ్లలోనే కథ ముగియును. 1995లో అమెరికాలో ఆమోదము పొందిన రిలుజోల్ అను మందు ఆ గడువును కొన్ని నెలలు పొడిగించునే గాని రోగమును మాన్పజాలదు. పాశ్చాత్యదేశముల లెక్కలలో ఏటేట ఇది క్రొత్తగా వచ్చునది లక్షమందిలో ఇంచుమించు ఇద్దరికి. అరుదైనదే; కాని అరుదైనదని చెప్పినంతమాత్రమున అర్ధరాత్రి మేలుకొన్నవానికి నిద్రపట్టదు. కావున ఈ పేరు చదివి గుండె జారినవానిని చూచి నవ్వుట నాకు సమ్మతము కాదు.

ఇంతకును ఆ అదురు ఏమిటి? ఒక్కొక్క నరకణము తన క్రింద కొన్ని కండరపు పోగులను నడపుచుండును. మనము ఆజ్ఞాపింపకయే ఆ నరము తనంతట తాను చురుక్కుమన్నపుడు దానికి లోబడిన పోగులన్నియు ఒక్కపెట్టున బిగిసి సడలును. చర్మము క్రింద మనకు కనబడు ఎగురుపాటు అదియే. కాఫీ ఎక్కువైనను, నిద్ర తక్కువైనను, అలవాటు లేని వ్యాయామము చేసినను, థైరాయిడ్ గ్రంథి అదుపు తప్పినను, కాల్షియము, మెగ్నీషియము తగ్గినను, కొన్ని మందుల వలనను ఇది కలుగును. అన్నింటికంటె విచిత్రమేమన, భయము వలనను కలుగును; ఆ భయమునకు ఈ అదురే కారణమగుచున్నది గనుక వలయము పూర్తియగును. 1963లో అమెరికాలో ఆరోగ్యవంతులైన వైద్యసిబ్బందిని విచారింపగా నూటికి డెబ్బదిమంది తమకును ఇట్టి అదురు కలదనిరి. ఏ ఇతర దోషమును లేక అదురు మాత్రమే గల 121 మందిని మేయో క్లినిక్ వైద్యులు రెండేండ్లు మొదలు ముప్పదిరెండేండ్ల వరకు గమనించి 1993లో ప్రకటించిన ఫలితమున, వారిలో ఒక్కరికైనను మోటార్ న్యూరాన్ వ్యాధి రాలేదు.

అసలు రోగమునందు అదురు ఉండదని కాదు, ఉండును. కాని దానితో బలము తగ్గును. చొక్కా గుండీ పెట్టుకొన వ్రేళ్లు చాలకపోవుట, నడచుచుండగా పాదము పైకి లేవక చెప్పు జారిపోవుట, చెంబు చేతినుండి పడుట, మాట ముద్దయగుట, నీరు మ్రింగునపుడు పొరపోవుట, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ కండ కరగి గుంటపడుట: ఇవి లెక్కింపదగినవి. భయగ్రస్తుడు లెక్కించునవి వేరు. టేపు తెచ్చి రెండు పిక్కలను కొలుచును. ఏ ఇద్దరు కవలలును ఒక్కతీరుగ నుండని లోకమున తన రెండు కాళ్లు అంగుళము తేడా లేక యుండవలెనని కోరును. మునివ్రేళ్లపై నిలిచి గదియంతయు తిరుగును. ఆ తిరుగుట చేతనే మరునాడు కాళ్లు నొచ్చి, నొప్పిని బలహీనత యనుకొనును. అద్దము ముందు నిలిచి నాలుక చాపి, అది వణకుచున్నదని చెమట పట్టును. చాపిన నాలుక ఎవరిదైనను కొంత వణకును. అందుచేతనే నరాల డాక్టరు దానిని నోటిలోపల విశ్రాంతిగా నుంచి చూచును. వైద్యవిద్య చదివినవారు ఈ మనోవ్యథకు అతీతులని తలంపవలదు. వారు మరింత లోతుగా మునుగుదురు. వైద్యులలో కనిపించు ఈ అదురుభయమునకు 2013లో ఆస్ట్రేలియా నరవైద్యులు ప్రత్యేకముగా పేరే పెట్టవలసివచ్చెను.

మనవారు దీనికి చేయు చికిత్స రెండు విధములు, రెండును తప్పే. మొదటిది ఇంటివారిది: నీకేమిరా, దున్నపోతులా ఉన్నావు, ఊరికే ఆలోచించకు అని కసరుట. రెండవది వైద్యశాలది: రెండు నిమిషములు చూచి, ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకొనుమని ఒక విటమిన్ బిళ్ల వ్రాసి పంపుట. ఏమీ లేదనుటలో అబద్ధము లేదు. కాని ఏమి చూచి ఏమీ లేదనుచున్నారో రోగికి తెలియనందున అతడు గుమ్మము దాటకమునుపే, సరిగా చూడలేదేమో యను సంశయము పుట్టును. అంతట మరియొక ఆసుపత్రి, మరియొక ఎమ్.ఆర్.ఐ., మరియొకమారు కండలో సూది గ్రుచ్చు ఈ.ఎమ్.జి. పరీక్ష. రిపోర్టు నిర్దోషముగా వచ్చిన సంతోషము వారము తిరుగకమునుపే ఆవిరియై, అప్పటికి రోగము మొదలు కాలేదేమో, ఇప్పుడు మొదలైనదేమో అను క్రొత్త తర్కము దానిని మ్రింగివేయును. ఈ తర్కమునకు ఏ పరీక్షయు సమాధానము చెప్పజాలదు.

నా అభిప్రాయము కచ్చితమైనది. ఒక్కమారు, ఒకే న్యూరాలజిస్టు, సంపూర్ణముగా పరీక్షింపవలయును: చేతుల, కాళ్ల బలము, మోకాటిపై చిన్న సుత్తితో తట్టి చూచు ప్రతిక్రియ, కండల ఆకృతి, అవసరమని తోచినచో ఈ.ఎమ్.జి. ఆ పిదప తాను చూచినది, చూడనిది, ఎందుచేత ఇది ఆ రోగము కాదో తెలుగులో కూర్చుండబెట్టి చెప్పవలయును. ఓ.పి. బయట బారులు తీరిన జనము నడుమ ఇంత తీరిక ఎక్కడిదని వైద్యులడుగుట న్యాయమే. కాని ఆ అయిదు నిమిషములు మిగుల్చుకొన్నందులకు అదే రోగి మరి నలుగురు వైద్యుల ఓ.పి.లో తిరిగి అంతకు పదిరెట్ల కాలమును హరించుచున్నాడు. అంత చెప్పించుకొన్న పిమ్మట రోగికిని ఒక బాధ్యత కలదు: టేపును, అద్దమును, ఫోనులోని వెదుకులాటను మానవలయును, బలము నిజముగా తగ్గిన నాడు తప్ప రెండవ పరీక్ష కోరరాదు.

ఇంత చేసినను భయము వదలనిచో ఆ భయమే చికిత్స కోరు వ్యాధి యని గ్రహించి మానసిక వైద్యుని చూచుట మేలు. తలపులను, అలవాట్లను మార్చు కౌన్సెలింగు చేతను, వలసినచో మందుల చేతను ఇది తగ్గును. ఊరిలో అట్టి వైద్యుడు లేనివారు 14416 అను నంబరునకు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ఆరంభించిన ఈ టెలీ మానస్ సేవ రేయింబవళ్లు ఉచితముగా లభించును, తెలుగులోనే మాటలాడవచ్చును.