మన పిల్లల ఆటస్థలం ఎక్కడ?



ఇంటికాడ మన పిల్లలు గుట్టలెక్కుతరు, వాగుల్లో ఈదుతరు. అదే పిల్లల్ని ఆశ్రమ పాఠశాలలో చేర్చినంక ఏమైతుంది? పొద్దుగాల స్టడీ అవర్, పగలంతా క్లాసులు, రాత్రి మళ్లీ స్టడీ అవర్. పీఈటీ లేని బడిలో ఆటల పీరియడ్ లెక్కల పీరియడ్ అయిపోతది. సెలవులకు వచ్చిన పిల్ల సగం గుట్టకే ఆయాసపడితే తప్పెవరిది?

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజూ సగటున 60 నిమిషాలు ఒళ్లు వంచి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ప్రతి బడికీ ఆటస్థలం, ఆట సామాన్లు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. 1928 ఒలింపిక్స్‌లో స్వర్ణం తెచ్చిన మన హాకీ జట్టుకు కెప్టెన్ ముండా బిడ్డ జైపాల్ సింగ్. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసీల గొంతు వినిపించిందీ ఆయనే.

సికిల్ సెల్ ఉన్న పిల్లల్ని మాత్రం అలసిపోయేదాకా ఉరికించొద్దు. మధ్యమధ్యలో ఆగనివ్వాలి, నీళ్లు తాగనివ్వాలి. చిరుతిండికి చిప్స్ ప్యాకెట్ బదులు రాగి అంబలి, ఇప్పపువ్వు లడ్డు అలవాటు చేయాలి.

బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. ఈసారి మీటింగ్‌కు అమ్మానాన్నలతో మీరూ వెళ్లండి. గ్రౌండ్ ఏది, పీఈటీ ఏడి అని అడగండి. అడిగింది మినిట్స్‌లో రాయించండి. గ్రామసభలో తీర్మానం పెట్టించండి. ఆదివారాలు మీరే వెళ్లి పిల్లలతో కబడ్డీ ఆడండి, విల్లు పట్టడం నేర్పండి.

అడవిలో ఉరికిన కాళ్లను నాలుగు గోడల మధ్య కట్టేయనివ్వొద్దు.

జై ఆదివాసీ!