తెగితే బోల్టు తెగాల, హౌసింగ్ కాదు

కొంచెం పొడుగు రాస్తాండా, ఓపిగ్గా చదవండి.

ఈ మధ్య యాడ చూసినా ఇదే పని. చీనీ తోటలో, అరటి సాళ్ల మధ్య తిరగడానికని చిన్న ట్రాక్టరు కొంటారు. కొన్నాళ్లకే దాన్ని వెల్డింగ్ షాపు ముందర నిలబెడతారు. వెనక హుక్కు కాడ 12 ఎం.ఎం. ప్లేటు, దానికి రెండు పక్కలా చెవులు, హుక్కును అర అడుగు వెనక్కి సాగదీసి లావు పిన్ను. "ఇంగేముందన్నా, పెద్ద బండి మాదిరే లాగుతాది" అంటాడు షాపాయన. మనం సంతోషంగా తోలుకొస్తాం.

నేను చెప్పేది ఒకటే. ఆ ప్లేటుతో బండికి బలం రాదు. ఇన్నాళ్లూ పిన్ను కాడ విరిగేది, ఇంక హౌసింగ్ కాడ విరుగుతుంది. పిన్ను విరిగితే అంగట్లో కొని అర్ధగంటలో వేసుకుంటాం. హౌసింగ్ పగిలితే బండి షెడ్డుకు పోతుంది, మనం అప్పుకు పోతాం.

రాళ్ల చేన్లకు స్ప్రింగు గొర్రు ఎందుకు కొంటాం? కర్రు బండకు తగిలితే స్ప్రింగు సాగి పైకి లేస్తుంది, గొర్రు బతుకుతుంది. రోటావేటర్ షాఫ్టులో షియర్ బోల్టు ఎందుకు పెడతారు? రాయి పడితే అది తెగి గేరుబాక్సును కాపాడాలని. బండిలో యాడో ఒకచోట తక్కువ ఖర్చుతో పోయే భాగం ఉండాల. షియర్ బోల్టు మాటిమాటికీ తెగుతాందని దాని బదులు గట్టి బోల్టు బిగించేవాళ్లు, పిన్ను వంగుతాందని ప్లేట్లు అతికించేవాళ్లు, ఇద్దరూ చేస్తాండేది ఒకటే తప్పు.

"హుక్కు గట్టిదైతే ఎక్కువ లాగుతాది కదా?" అంటారు. లాగదు. ట్రాక్టరు ఎంత లాగాలో తేల్చేది హుక్కు కాదు, వెనక చక్రాల మీద పడే బరువు, నేల ఇచ్చే పట్టు. మన చేన్లలో ఆ బరువులో సగం లాగిందంటే గొప్పే. అంతకు మించితే టైరు ఊరికే తిరుగుతుంది. టైరు జారేది కూడా బండికి ఒక రక్షణే. అది చూసి మనం ఏం చేస్తాం? టైర్లలో నీళ్లు నింపుతాం, మడ్‌గార్డుల మీద ఇద్దరు మనుషుల్ని కూర్చోబెడతాం. అప్పుడు టైరు జారదు, ఆ భారమంతా గేర్ల మీద, ఇరుసు మీద పడుతుంది. పిన్ను వంగే దారి మూసేశాం, టైరు జారే దారి మూసేశాం. ఇంక మిగిలింది ఏముంది?

ఒక లెక్క చెప్తా, మీరూ వేసి చూడండి. బండి బరువు 800 కిలోలు అనుకోండి, అందులో ముందు చక్రాల మీద 320 కిలోలు. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 5 అడుగులు. 200 కిలోల పనిముట్టు లిఫ్టు మీద, వెనక ఇరుసుకు 4 అడుగుల వెనక వేలాడుతాంది. 200ను 4తో గుణించి 5తో భాగిస్తే 160. అంటే ముందు నుంచి 160 కిలోలు తేలిపోయినాయి, మిగిలింది 160. బండి బరువులో కనీసం ఐదో వంతు ముందర ఉండాలనేది లెక్క, అంటే 160 కిలోలే. సరిగ్గా హద్దు మీద ఉండాం. ఇప్పుడు పనిముట్టును అర అడుగు వెనక్కి జరపండి, ముందర మిగిలేది 140. అతికించిన ఇనుము బరువు కూడా కలిపితే ఇంకా తగ్గుతుంది. గట్టు ఎక్కేటప్పుడు స్టీరింగ్ తేలిగ్గా తిరుగుతాందని సంబరపడొద్దండీ, ముందు చక్రాలు నేల మీద సరిగా లేవని దానర్థం.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఎండిపోయిన చీనీ చెట్ల మొద్దులు పీకేటప్పుడు. హుక్కు కింద ఉంది, చైను అందలేదని టాప్ లింకు బ్రాకెట్‌కు తగిలిస్తారు. వెనక ఇరుసు కంటే పైన చైను కట్టి లాగితే, మొద్దు కదలకపోతే, ముందు చక్రాలు గాల్లోకి లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. తోలే మనిషి సీటుతో సహా దాని కింద పడతాడు. క్లచ్ తొక్కుదాం అనుకునేలోపే అయిపోతుంది, ఒక సెకను కూడా దొరకదు. హౌసింగ్ పోతే అప్పు చేసైనా తెచ్చుకుంటాం. ఇంటి మనిషి పోతే ఏం తెచ్చుకుంటాం?

"నీతులు సరేగానీ, చిన్న రైతు రెండు బండ్లు కొనగలడా?" అని అడుగుతారు. న్యాయమైన మాటే. కానీ లోతు దుక్కి, మొద్దులు పీకడం ఏడాదికి ఎన్ని దినాలుంటాయి? ఆ నాలుగు దినాలకు పెద్ద బండి బాడుగకు పిలుచుకుందాం. నలుగురం కలిసి పిలిస్తే రావడానికయ్యే ఖర్చు కూడా పంచుకోవచ్చు. నాలుగు దినాల పని కోసం ఏడాదంతా పనికొచ్చే బండిని చంపుకోవడం లాభమా?

అయినా బలం చేయించాలంటే పద్ధతి ఉంది. హౌసింగ్ పోత ఇనుము, దాని మీద నేరుగా వెల్డింగ్ పెట్టనీయొద్దు. వేడి చేయకుండా అతికితే చల్లారేటప్పుడు పక్కనే పగులు పుడుతుంది. ప్లేటును బండి నుంచి విప్పి, కింద పెట్టి వెల్డింగ్ చేయించి, కంపెనీ ఇచ్చిన రంధ్రాలకే బోల్టులతో బిగించండి. బోల్టు తల మీద 8.8 అని ఉందో లేదో చూడండి. అదే లావు 4.6 బోల్టుకు రెట్టింపు బలం దానిది. హుక్కును పైకి ఎత్తొద్దు, వెనక్కి సాగదీయొద్దు. ముందర బంపరుకు బరువులు వేయండి. షియర్ బోల్టు మాత్రం కంపెనీ చెప్పిన రకమే వాడండి. వారానికొకసారి హౌసింగ్ బోల్టులు బిగించి చూడండి, ఆయిల్ చెమ్మ కనిపిస్తే పని ఆపండి.

తప్పంతా మనదే అనడంల్యా. అమ్మేటోళ్లు హెచ్.పి. అంకెను బోర్డంత పెద్దగా రాస్తారు. హుక్కు ఎంత లాగుతుంది, లిఫ్టు ఎంత ఎత్తుతుంది అంటే "ఏదైనా లాగుతుంది సార్" అంటారు. మధ్యప్రదేశ్‌లోని బుద్ని కేంద్రంలో ట్రాక్టర్లను పరీక్ష చేసి, లాగుడు ఎంతో, ఎత్తుడు ఎంతో రిపోర్టులో అంకెలతో సహా రాస్తారు. మనకు దగ్గర్లోనే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. అంకెలన్నీ ఉండాయి, మన చేతికి తెలుగులో రావడంల్యా, అంతే. కొనేముందు ఆ రిపోర్టు చూపించమని అడగండి. చూపించకుంటే అడ్వాన్సు ఇవ్వకండి. హుక్కు పక్కనే "ఇంతకు మించి లాగొద్దు" అని తెలుగులో రేకు కొట్టి ఇవ్వమని మనమంతా గట్టిగా అడగాల.

ఎద్దుల సేద్యంలో ఏ ఎద్దు ఎంత లాగుతుందో మన పెద్దోళ్లకు తెలుసు. కోడెదూడకు లావు కాడి కట్టి "ఇంక ఇది పెద్ద ఎద్దు" అని ఎవురూ అనలేదు. ట్రాక్టరుకు మాత్రం ఎందుకంటాండాం?

మీ ఊర్లో వెల్డింగ్ షాపు అన్నకు కూడా ఇది చదివి వినిపించండి. ఆయన ఒప్పుకోకపోతే కింద కామెంట్లో రాయమనండి, మాట్లాడుకుందాం.