గన్నవరం నుంచి జెద్దా: దూరం తేడా 265 కిలోమీటర్లు, ఛార్జీ తేడా 80 వేలు

శంషాబాద్ నుంచి జెద్దాకు ఆకాశమార్గంలో సూటిగా కొలిస్తే సుమారు 4,135 కిలోమీటర్లు. గన్నవరం నుంచైతే సుమారు 4,400. అంటే తేడా 265 కిలోమీటర్లు. విమానానికి అది ఇరవై నిమిషాల ప్రయాణం.

కానీ 2023లో విజయవాడ ఎంబార్కేషన్ పాయింట్ నుంచి హజ్‌కు వెళ్లిన ఒక్కో హాజీకి, హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్ల కంటే సుమారు 80 వేల రూపాయలు ఎక్కువ పడింది. ఆ భారం రాష్ట్ర ప్రభుత్వమే మోసింది. 1,813 మందికి 14.51 కోట్లు విడుదల చేసింది. ఆ సాయం రాకపోతే మియా బీవీ ఇద్దరికీ కలిపి లక్షా అరవై వేలు అదనం అయ్యేది.

మరి ఇరవై నిమిషాలకు ఇంత డబ్బేంటి? హజ్ విమానం ఛార్జీ కిలోమీటర్ల లెక్కన పడదు. ఒక్కో పాయింట్‌కు విమాన సంస్థలు విడిగా రేటు కోట్ చేస్తాయి. హాజీలను దించిన విమానం ఖాళీగా వెనక్కి వస్తుంది. తిరుగు ప్రయాణంలో వాళ్లను తేవడానికి మళ్లీ ఖాళీగా వెళ్తుంది. ఈ ఖాళీ ట్రిప్పుల ఖర్చు కూడా టికెట్‌లోనే కలుస్తుంది. హాజీలు తక్కువున్న చోట పోటీ కూడా తక్కువే, అందుకే రేటు పెరుగుతుంది.

కేరళలోనూ ఇదే కథ. 2024లో కోళికోడ్ నుంచి మొదట కోట్ అయిన ఛార్జీ 1.65 లక్షలు. పక్కనే ఉన్న కొచ్చి నుంచి సుమారు 86 వేలే. కోళికోడ్‌ది కొండమీది టేబుల్‌టాప్ రన్‌వే. 2020 ఆగస్టు ప్రమాదం తర్వాత అక్కడ పెద్ద విమానాలు ఆపేశారు. చిన్న విమానంలో సీట్లు తక్కువ, తలా పడే ఖర్చు ఎక్కువ. గొడవ జరిగాక ఛార్జీ కొంత తగ్గించారు. అంటే అడిగితే తగ్గుతుందన్నమాట.

2018లో హజ్ సబ్సిడీ తీసేశాక ఈ తేడా నేరుగా హాజీ జేబు మీదే పడుతోంది. దరఖాస్తులో పాయింట్ ఎంచుకునే రోజుకి అసలు ఛార్జీ ఎంతో ఎవరికీ తెలియదు. చిక్కంతా ఇక్కడే.

గన్నవరం పాయింట్ వద్దనడం దీనికి జవాబు కాదు. డెబ్బై ఏళ్ల అమ్మీ, అబ్బాలకు సామాన్లతో హైదరాబాద్ దాకా వెళ్లే తిప్పలు తప్పడం చిన్న మేలేం కాదు. అడగాల్సింది రెండే: ఒకటి, పాయింట్ల వారీగా అంచనా ఛార్జీ దరఖాస్తుకు ముందే చెప్పాలి. రెండు, ఛార్జీ తేలాక పాయింట్ మార్చుకునే అవకాశం ఇవ్వాలి.

టికెట్ చూసేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. సౌదీ టైం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఉదయం 10కి బయల్దేరి అక్కడి టైం 1:30కి దిగితే, ప్రయాణం మూడున్నర గంటలు కాదు, ఆరు గంటలు. నేరుగా జెద్దాకు వెళ్లేవాళ్లకు దిగకముందే మీఖాత్ వస్తుంది కాబట్టి ఎహ్రామ్ బట్టలు లగేజీలో వేయకండి, చేతిసంచిలోనే పెట్టుకోండి.