ఇంటి సంగతులు: పైకప్పు ట్యాంకు నుంచి మన కుళాయి దాకా

పోయిన నెల కాంక్రీటు గోడకు మేకు దిగే ఉపాయం వ్రాసిన తరువాత, "మేకు సంగతి సరేనండీ, నీళ్ళ గొట్టాల సంగతి ఎప్పుడు వ్రాస్తారు?" అని ఇద్దరు ముగ్గురు సభ్యులు అడిగారు. వారిలో ఒకరు జూన్ సెలవులకు సకుటుంబంగా పెర్త్ వెళ్ళి, కారు వెనుక తగిలించే బండియిల్లు ఒకటి అద్దెకు తీసుకున్నారు. రెండవ రోజు రాత్రి అందరూ పడుకున్నాక, కుళాయిలన్నీ కట్టి ఉండగానే నీళ్ళ పంపు ఉండి ఉండి గుర్రుమనడం మొదలు పెట్టిందట. పిల్లలు దయ్యం అన్నారు. ఆయన సింగపూరు తిరిగి వచ్చాక ఆ దయ్యం ఎవరో చెప్పమన్నారు. ముందు అదే చెబుతాను, ఎందుకంటే మన బ్లాకులో ఉన్న ఏర్పాటంతా ఆ బండిలో అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది.

బండియింటి నేల క్రింద ఒక ప్లాస్టిక్ ట్యాంకు ఉంటుంది. బయట నుంచి నీరు పోసే మూతి ఒకటి, నీరు చేరుతుంటే లోపలి గాలి బయటకు పోవడానికి సన్నని గొట్టం ఒకటి. ఆ తరువాత కారు బ్యాటరీ మాదిరి 12 వోల్టుల మీద నడిచే చిన్న పంపు. కుళాయి తిప్పితే గొట్టంలో ఒత్తిడి పడిపోయి పంపు తనంతట తాను తిరుగుతుంది. కట్టేస్తే ఒత్తిడి నిండి ఆగిపోతుంది. మరి కుళాయిలన్నీ కట్టి ఉండగా పంపు మధ్య మధ్య తిరుగుతోందంటే, ఒత్తిడి ఎక్కడో జారిపోతున్నదన్న మాట. పంపు తరువాతి జాయింటు ఏదైనా కారుతూ ఉండాలి, లేదా పంపులోని ఒకవైపు వాల్వు పట్టకుండా నీరు ట్యాంకులోకి వెనక్కి జారుతూ ఉండాలి. ఆగకుండా తిరుగుతూ నీళ్ళు మాత్రం ఇవ్వకపోతే అది వేరే జబ్బు. ట్యాంకు ఖాళీ అయినా అయి ఉండాలి, పంపుకు ముందున్న గొట్టం బిగింపు వదులై నీటికి బదులు గాలి పీలుస్తూనైనా ఉండాలి. నీరు పోస్తుంటే మూతి దగ్గరే ఎగదన్నితే గాలి గొట్టంలో మట్టో, పురుగుల గూడో అడ్డుపడి ఉంటుంది. ఈ మూడు తెలిస్తే బండియింటి ప్లంబింగులో ముప్పాతిక వంతు తెలిసినట్టే.

చక్రాల మీద నీళ్ళ ట్యాంకు సింగపూరుకు కొత్త కాదు లెండి. మనం చైనాటౌన్ అనే పేటను మలై భాషలో క్రేతా ఆయర్ అంటారు, అంటే నీళ్ళ బండి. చీనా భాషలో దాని పేరుకు అర్థం ఎద్దుబండి నీళ్ళు. పంతొమ్మిదవ శతాబ్దంలో ఆన్ సియాంగ్ గుట్ట బావుల నుంచి ఎద్దుబండ్ల మీద పేటలోకి నీళ్ళు వచ్చేవి. తాన్ కిమ్ సెంగ్ అనే వర్తకుడు 1857లో ఊరికి గొట్టపు నీళ్ళ కోసం 13,000 డాలర్లు విరాళం ఇచ్చాడు. ఇప్పుడు మనం మాక్‌రిచీ అని పిలుచుకునే జలాశయం 1868లో గాని పూర్తి కాలేదు. ఇక్కడి పెద్దవాళ్ళను అడిగితే 1963 ఏప్రిల్ నుంచి 1964 ఫిబ్రవరి దాకా నడిచిన నీళ్ళ రేషన్ గురించి చెబుతారు. వానలు లేక, విడతల వారీగా పేటపేటకూ నీళ్ళు కట్టేసిన పది నెలలవి. జోహోరు నుంచి వంతెన మీదుగా వచ్చే నీటికి 1962లో వ్రాసుకున్న ఒప్పందం 2061లో ముగుస్తుంది. 2003 నుంచి శుద్ధి చేసిన వాడిన నీరు, 2005 నుంచి ఉప్పు తీసిన సముద్రపు నీరు కూడా కలిశాయి. ఇవన్నీ కలిసి మన గుమ్మం దగ్గరి మీటరు దాకా చేరుతాయి. ఆ మీటరు ఇవతల జరిగేదానికి పూచీ మనది.

ఇక మన బ్లాకు. వీధి గొట్టంలోని ఒత్తిడి క్రింది అంతస్తులకు నేరుగా సరిపోతుంది. పై అంతస్తులకు నేలమట్టపు ట్యాంకు నుంచి, మన ఊళ్ళో అయితే సంపు అంటాము, మోటారుతో నీరు పైకప్పు ట్యాంకుకు ఎక్కి, అక్కడి నుంచి తన బరువుతోనే క్రిందికి దిగుతుంది. పది మీటర్ల ఎత్తు నీరు చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు మోపుతుంది. అందుచేత ట్యాంకుకు పది అంతస్తులు దిగువన ఉన్నవారి కుళాయి పిచికారీ కొడుతుంది, ట్యాంకు క్రిందనే ఉన్న చిట్టచివరి అంతస్తువారి షవరు సన్నగా జారుతుంది. అందుకే చాలా బ్లాకుల్లో పై అంతస్తుల కోసం విడిగా చిన్న పంపు పెడతారు. పై అంతస్తు మిత్రులు ఇంట్లో కుళాయిలు మార్చి మార్చి డబ్బు తగలేసే ముందు, ప్రక్కింటివారికీ అలాగే వస్తోందా అని ఒకసారి అడగడం మేలు. వారికీ అంతే అయితే ఫోను చేయవలసింది టౌన్ కౌన్సిల్‌కు, ప్లంబరుకు కాదు.

పైకప్పు ట్యాంకు జోలికి మనం పోనక్కరలేదు, పోకూడదు కూడా. ఏడాదికొకసారి లైసెన్సు ఉన్న ప్లంబరు చేత దానిని తనిఖీ చేయించి కడిగించాలని ఇక్కడ చట్టం. మిద్దె మీది సిమెంటు తొట్టెలోకి బ్లీచింగ్ పౌడరు డబ్బాతో స్వయంగా దిగిన అనుభవం మనలో చాలామందికి ఉంది గాని, ఆ ముచ్చట ఇక్కడ తీరదు. మనం చేయవలసింది ఒకటే. ట్యాంకు కడుగుతారని లిఫ్టు దగ్గర కాగితం అంటిస్తే చదవాలి. ఆ రోజుకు రెండు బక్కెట్లు పట్టి ఉంచుకుని, నీరు తిరిగి వచ్చాక మొట్టమొదట స్నానాల గది నేల దగ్గరి కుళాయిని తిప్పి, రంగు తేరేదాకా వదలాలి. ఫిల్టరు, బట్టల మిషను, హీటరు ఆ తరువాతే. అలా చేయకపోతే కదిలిన మడ్డి అంతా కుళాయి మూతిలోని సన్న జల్లెడలో ఇరుక్కుంటుంది. అప్పుడు "నీళ్ళు తగ్గాయి" అని కంగారు పడతాము. మూతి మర విప్పి, ఆ జల్లెడను పాత పళ్ళ బ్రష్షుతో తోమితే నీళ్ళు మామూలుగా వస్తాయి.

పైకప్పు ట్యాంకు నిండగానే నీటిని ఆపే తేలే బంతి, అదే బాల్ కాక్, దాని చిన్న తమ్ముడు మన ఫ్లష్ తొట్టిలో ఉన్నాడు. చప్పుడు చేయకుండా నీళ్ళు పారబోసే దొంగ కూడా ఇక్కడే ఉంటాడు. తొట్టిలో మిఠాయి రంగు నాలుగు చుక్కలు వేసి, అరగంట ఎవరూ ఫ్లష్ చేయకుండా చూడండి. (పసుపు వేయకండి. సరిగా కరగదు, పైగా మరక మిగులుతుంది.) క్రింద గిన్నెలో రంగు కనిపిస్తే అడుగు రబ్బరు అరిగినట్టు. రంగు దిగకుండా, పొంగు గొట్టంలోకి మాత్రం నీరు సన్నగా జారుతుంటే బంతి మట్టం ఎక్కువైనట్టు, మర తిప్పి దించాలి. కుళాయి మార్చడం, ఫ్లష్ తొట్టి సామాను మార్చడం వంటి చిల్లర పనులకు లైసెన్సు ప్లంబరు అక్కరలేదు. గొట్టాన్ని కోయడం, జరపడం, కొత్తది వేయడం ఆయన పని.

ఇల్లంతటికీ ఒకటే పరీక్ష ఉన్నది. కుళాయిలన్నీ కట్టి, బట్టల మిషను ఆపి, కారిడార్‌లోని పెట్టె తెరిచి మీటరు చూడండి. అందులోని చిన్న చక్రం తిరుగుతూ ఉంటే ఎక్కడో కారుతోంది. పని లోపనిగా మీటరు ప్రక్కనున్న వాల్వును ఒకసారి పూర్తిగా మూసి తెరవండి. ఏళ్ళ తరబడి ముట్టుకోని వాల్వు అవసరమైన రాత్రి కదలదు. ఈ వాల్వు ఎక్కడుందో ఇంట్లో పెద్దవారందరికీ, పనమ్మాయికి కూడా తెలిసి ఉండాలి. ఇంటి యజమాని ఒక్కడికే తెలిసి, ఆ యజమాని ఆఫీసులో ఉంటే ఏమి లాభం?

చేతిపని విషయంలో నేను చూసిన చాలా కారుడులకు కారణం తెల్ల టేపు. టేపు మర తిరిగే దిక్కునే చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడి ముద్దవుతుంది. మొదటి మర వదిలి, లాగి పట్టి, ఎనిమిది పది చుట్లు చాలు. లోపల రబ్బరు వాషరు ఉన్న జాయింటుకు అసలు టేపు అక్కరలేదు. అక్కడ నీటిని ఆపేది రబ్బరు, మర కాదు. టేపు చుడితే రబ్బరు సరిగా కూర్చోదు. పానాతో పళ్ళు బిగబట్టి తిప్పడం కూడా వద్దు. చేతితో బిగిసినంత బిగించి, పైన పావు చుట్టు చాలు. ప్లాస్టిక్ మరలోకి ఇత్తడిది ఎక్కించేటప్పుడు మరీ జాగ్రత్త. ఈ రోజు చిట్లినది నెలకు గాని బయటపడదు.

ఇక అన్నిటికన్నా భయపడవలసినది సింకు క్రింద, ఫ్లష్ తొట్టి ప్రక్కన వంగి ఉండే అల్లిక గొట్టం. పైన మెరిసే తీగల జడ, లోపల రబ్బరు. తీగ తుప్పు పట్టినా, కొస ఉబ్బినా, తెల్లని పొక్కు వచ్చినా ఆ రోజే మార్చండి. ఎందుకింతగా చెబుతున్నానంటే, మన వాళ్ళం డిసెంబరులో ఇంటికి తాళం వేసి సంక్రాంతి దాటాక గాని తిరిగి రాము. టాంపినిస్‌లోని ఒక మిత్రుడి ఇంట్లో సరిగ్గా ఆ రోజుల్లోనే గొట్టం పగిలింది. ఆయన రాజమండ్రిలో గోదావరి స్నానం చేస్తుండగా ఇక్కడ క్రింది అంతస్తు పెద్దావిడ మంచం మీద వాన కురిసింది. పగిలిన గొట్టం ఖరీదు ఒక పూట కాఫీ ఫలహారాల పాటి. ఆవిడ పరుపు, బీరువా, పైకప్పు సున్నం, వీటన్నిటికన్నా పన్నెండేళ్ళ ఇరుగుపొరుగు మాట, వాటి ఖరీదు వేరు. ఆయన భార్య నాలుగైదు వారాలు వండినదంతా సగం క్రిందికి మోసి ఆ మాట మళ్ళీ కలిపింది. ఊరు వెళ్ళే రోజు పాస్‌పోర్టులతో పాటు మీటరు వాల్వు కూడా లెక్కలో చేర్చండి. తిరిగి వచ్చాక మెల్లగా తెరిచి, నిలవ నీటిని కాసేపు బక్కెట్లలోకి వదిలి, అది మొక్కలకూ నేలకూ వాడి, ఆ తరువాతే కాఫీ పెట్టండి.

బిల్లు సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. సెకనుకు ఒక చుక్క చొప్పున కారే కుళాయి, మిల్లీలీటరుకు 20 చుక్కల లెక్కన, రోజుకు నాలుగు లీటర్ల పైచిలుకు పారబోస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి నెలకు మొదటి 40 ఘనపు మీటర్ల దాకా ధర, పన్నులతో సహా, జి.ఎస్.టి. కాక, ఘనపు మీటరుకు 3.24 డాలర్లు. ఏడాదంతా కారినా అయిదు డాలర్ల చిల్లరే. కాబట్టి డబ్బు పేరు చెప్పి మిమ్మల్ని భయపెట్టను. భయమంతా క్రింది ఇంటి కప్పు గురించే.

మీరే ఆ క్రింది ఇల్లయితే, పైకి వెళ్ళి తలుపు కొట్టే ముందు రెండు రోజులు గడియారం పెట్టుకుని గమనించండి. రాత్రీ పగలూ ఒకే తీరుగా కారితే నీరు వచ్చే గొట్టం. పైవారు స్నానం చేసిన తరువాతే కారితే నేలలోని నీరు పట్టని పొరో, వాడిన నీరు పోయే గొట్టమో. పాత ఇళ్ళలో ఎక్కువగా చూసేది ఈ రెండవదే. సొంత ఫ్లాట్లలో పై నేల నుంచి కారే నీటి మరమ్మత్తు చట్ట ప్రకారం పైవారిదీ క్రిందివారిదీ ఉమ్మడి బాధ్యత. "మీ నీళ్ళు, మీరే బాగుచేయించుకోండి" అనే మాట చెల్లదు. హౌసింగ్ బోర్డు సహాయ పథకం క్రింద పని చేయిస్తే సగం ఖర్చు బోర్డు భరిస్తుంది, మిగిలిన సగం ఇద్దరూ చెరి పావు వంతు. ఈ సంగతి తెలిసి మాట మొదలుపెడితే గొంతు పెంచే పని ఉండదు.

వేడినీళ్ళ సిలిండరు గురించి అడిగినవారికి వచ్చే నెల వివరంగా వ్రాస్తాను. అంతవరకు దాని ప్రక్కనున్న చిన్న వాల్వు నుంచి వేడెక్కేటప్పుడు నాలుగు చుక్కలు పడితే, దానికి బిరడా కొట్టో టేపు చుట్టో మూయకండి. లోపలి ఒత్తిడి బయటకు పోయే దారి అదొక్కటే. అదే పనిగా కారుతుంటే మాత్రం స్విచ్చి ఆపి ప్లంబరును పిలవండి.