వెలుగు కత్తికి మసి అంటితే



భూతద్దంతో ఎండను ఒక చుక్కగా చేర్చి కాగితానికి చిల్లు పెట్టవచ్చునని మీకు తెలుసు. ఆ పనినే బ్రహ్మాండంగా చేసే యంత్రం ఒకటున్నది. పేరుపలకలూ, శుభలేఖలూ, బహుమతి జ్ఞాపికలూ తయారుచేసే దుకాణాల్లో మీరు దాన్ని చూసే వుంటారు. దానికి కత్తి లేదు, రంపం లేదు. బల్లమీద ఆక్రిలిక్ పలకను పెట్టి మీట నొక్కితే చాలు, పైన చిన్న ముక్కులాంటిది అటూ ఇటూ పరిగెత్తి అక్షరాలు కోసి పెడుతుంది. అదే లేజర్ కోత యంత్రం. అది ఎలా కోస్తుందో, రోజూ దాన్ని శుభ్రం చేయకపోతే ఏమవుతుందో ఈ నెల తెలుసుకుందాం.

మొట్టమొదటి లేజర్ కాంతిని 1960లో అమెరికాలో థియొడోర్ మైమాన్ కెంపుకడ్డీనుంచి పుట్టించాడు. 1964లో అక్కడే బెల్ ప్రయోగశాలలో పనిచేస్తున్న కుమార్ పటేల్ బొగ్గుపులుసు వాయువునుంచి లేజర్ కాంతిని రప్పించాడు. ఈయన 1938లో ఇప్పటి మహారాష్ట్రలోని బారామతిలో పుట్టాడు. సోడాబుడ్డి తెరవగానే బుస్సుమని పైకి వచ్చేది కూడా ఈ వాయువే!

యంత్రం వెనకవైపు పొడుగాటి గాజుగొట్టం వుంటుంది. అందులో బొగ్గుపులుసు వాయువూ, నత్రజనీ, హీలియమూ కలిపి నింపుతారు. వేల వోల్టుల విద్యుత్తు పంపగానే గొట్టం కొసనుంచి సన్నని కిరణం బయలుదేరుతుంది. మూడు అద్దాలు దాన్ని మలుపులు తిప్పి ముక్కు దాకా తెస్తాయి. ముక్కులోని లెన్సు దాన్ని చిన్న చుక్కగా చేస్తుంది. ఆ చుక్క పడినచోట పలక ఆవిరైపోతుంది.

విచిత్రమేమంటే, ఈ కిరణం కంటికి కనిపించదు! మిల్లీమీటరులో వెయ్యోవంతును మైక్రాన్ అంటారు. ఎర్రని వెలుగు తరంగం పొడవు సుమారు 0.7 మైక్రాన్లు. ఈ కిరణానిది 10.6 మైక్రాన్లు. అంత పొడవు తరంగాన్ని మన కన్ను చూడలేదు, మామూలు గాజు తనగుండా పోనివ్వదు. అందుచేత ఈ లెన్సును గాజుతో గాక, జింక్ సెలెనైడ్ అనే పసుపుపచ్చని పదార్థంతో చేస్తారు.

ఇక అసలు సంగతి వినండి. కోసేటప్పుడు పొగ వస్తుంది. ఆ పొగ అద్దాలమీదా లెన్సుమీదా సన్నగా మసి పడుతుంది. ఒక్కొక్కచోట నూటికి పది వంతుల వెలుగును మసి మింగుతుందనుకోండి. మొదటి అద్దం దాటేసరికి 100 కాస్తా 90 అవుతుంది. రెండోదాని దగ్గర 81, మూడోదాని దగ్గర సుమారు 73, లెన్సు దాటేసరికి 66! మూడోవంతు వెలుగు దారిలోనే పోయింది. నిన్న తేలిగ్గా తెగిన పలక ఇవాళ తెగదు.

మింగిన వెలుగు ఏమవుతుంది? వేడి అవుతుంది. మసి వున్నచోట లెన్సు కాగిపోయి వ్యాకోచిస్తుంది, చుట్టుపక్కల భాగం చల్లగానే వుంటుంది. ఆ లాగుడుకు లెన్సు టక్కున పగులుతుంది. ఆవగింజంత మరక ఖరీదైన లెన్సును పాడుచేస్తుందన్నమాట! పగిలిన ముక్కలు విషపూరితం కూడాను. వాటిని వట్టి చేతులతో ముట్టకూడదు.

కనక యంత్రం నడిపే మనిషి రోజూ పనికి ముందు దాన్ని ఆపి, విద్యుత్తు తీసేసి, లెన్సు చల్లగా వున్నప్పుడు బయటికి తీసి చూస్తాడు. ముందు రబ్బరుబుడ్డితో గాలి కొట్టి దుమ్ము పోగొడతాడు. నోటితో ఊదడు, ఊదితే తుంపర పడుతుంది. తరవాత లెన్సులు తుడిచే మెత్తని కాగితాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపి, నొక్కకుండా మెల్లగా ఒకవైపుకే లాగుతాడు. పొడిగుడ్డతో రుద్దితే దుమ్మే గీతలు పెడుతుంది.

రెండో పని నీళ్ళు చూడటం. గొట్టంలోకి పోయే విద్యుచ్ఛక్తిలో చాలాభాగం వేడిగా మారుతుంది. దాన్ని చల్లార్చటానికి గొట్టం చుట్టూ ఎప్పుడూ నీళ్ళు తిరుగుతూండాలి. కుళాయినీళ్ళు పోస్తే లోపల ఉప్పుపొర కడుతుంది, కనక స్వేదనజలమే పోస్తారు. పంపు ఆగినా, పెద్ద గాలిబుడగ చిక్కుకున్నా గొట్టం వేడెక్కి పగిలిపోగలదు. మన ఎండాకాలంలో నీళ్ళను చల్లబరిచే యంత్రం మరీ అవసరం.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పలక కింద తేనెపట్టులాంటి జల్లెడ వుంటుంది. తెగిన చిన్న ముక్కలు అందులో పేరుకుంటాయి. ఒక నిప్పురవ్వ పడితే అవే అంటుకుంటాయి! కనక సాయంత్రం వాటిని ఎత్తి పారబోయాలి. పొగను లాగే ఫ్యానునూ, గొట్టాలనూ శుభ్రం చేయాలి. ముక్కులోనుంచి వచ్చే గాలి మంటను అణిచి, పొగను లెన్సుకు దూరంగా నెడుతుంది; అది సరిగా వస్తున్నదీ లేనిదీ చూడాలి. యంత్రం నడుస్తూండగా దాన్ని వదిలి టీ తాగటానికి పోవటం పనికిరాదు. పక్కనే మంటలార్పే సిలిండరు వుండాలి. అందులో వాడేది కూడా బొగ్గుపులుసు వాయువే! ఒకే వాయువు ఒకచోట కాల్చుతుంది, ఒకచోట ఆర్పుతుంది. చూశారా!

పీ.వీ.సీ. పలకలను మాత్రం ఇందులో ఎన్నడూ కోయరాదు. వాటి పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన వాయువు వుంటుంది. అది ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, తేమతో కలిసి ఆమ్లమై యంత్రంలోని ఇనుమును తినేస్తుంది.

ముక్కు పరిగెత్తే పట్టాలను తుడిచి, అప్పుడప్పుడు ఒకటి రెండు చుక్కల నూనె రాస్తే ఆ పూటకు పని పూర్తి అయినట్టే. ఇవన్నీ పెద్దవాళ్ళు చేసే పనులు. మీరు దూరంనుంచి చూస్తే చాలు.

చేసి చూడండి: ఒక తెల్లకాగితాన్నీ, అంతే మందంగల నల్లకాగితాన్నీ పక్కపక్కన ఎండలో పావుగంట వుంచండి. తరవాత రెంటినీ చేత్తో తాకండి. ఏది ఎక్కువ వేడెక్కింది? మసి పట్టిన లెన్సు ఎందుకు పగులుతుందో ఆ కాగితమే మీకు చెబుతుంది.